పోలమ్మ దాచిన ఏడు శాతం

మూలికా ప్రమాణాల సంస్థ పెద్దలారా, ఇండ్ల పోలమ్మ ఎండాకాలంతో కుమ్మక్కై పొడపత్రి ఆకులో సారం మాయం చేసిందని కాగితం మీద రాసి, ముద్ర కొట్టి, పోలీసు స్టేషనుకు పంపింది మీరు. మేం కాదని తప్పించుకోవడానికి వీల్లేదు. దాని నకలు మా చేతిలో ఉంది. పైన నెంబరు ఉంది, కింద పచ్చ సిరా సంతకం ఉంది. మధ్యలో ఉండాల్సిన బుద్ధి ఒక్కటే లేదు. నలభై ఇళ్ల పొయ్యిలు ఆర్పింది ఆ కాగితమే.

కోనపాడులో కాగితాలు చదివిపెట్టేది నేనే కనక, సంగతి తెలియని వాళ్ల కోసం మొదటి నుంచీ చెబుతాను.

వెలుగొండల్లో పొడపత్రి అని ఒక తీగ ఉంది. దాని ఆకు చక్కెర జబ్బు మందుల్లోకి పోతుంది. కోనపాడులోని నలభై యానాది కుటుంబాలు తాతల నాటి నుంచీ ఆ ఆకు కోసే బతుకుతున్నాయి. ఆకు బాగుందో లేదో చూడ్డానికి వాళ్ల దగ్గర యంత్రం లేదు, నాలుక ఉంది. రెండు ఆకులు బాగా నమిలి, ఆ పైన చిటికెడు బెల్లం నోట్లో వేసుకుంటారు. బెల్లం మన్నులాగా తగిలితే ఆకు కోతకు వచ్చినట్టు. తియ్యగా తగిలితే ఆకులో సారం లేనట్టు, ఆ రోజుకు ఖాళీ గంపతో కొండ దిగి వచ్చేస్తారు. వానలు పడి, చలి తగిలి, తీగ పూతకొచ్చే కార్తీకం నుంచి పుష్యం దాకా కోత. ఎండలు మొదలైతే దాని జోలికి పోరు. బాలింతను నాట్లకు పిలవరు చూడండి, అట్లా.

ఈ పద్ధతిలో శాస్త్రం లేదని నిరుడు ప్రమాణాల సంస్థ కనిపెట్టింది. శాస్త్రం ఎట్లా వచ్చిందంటే, సంస్థ సంచాలకులు గుండవరపు సదాశివరావు గారు కార్తీక వనభోజనానికి సిబ్బందితో సహా మా కొండకు వచ్చారు. పులిహోర తిన్నారు, అంత్యాక్షరి ఆడారు, దిగిపోతూ గుర్తుగా ఉంటుందని ఒక సంచీడు పొడపత్రి కోసుకుపోయారు. లాబులో పెట్టి చూస్తే సారం పన్నెండు శాతం తేలింది. ఆయన పరమానందభరితులై వారం తిరక్కుండా ఉత్తర్వు తీశారు. "పొడపత్రి ఆకునందు క్రియాశీల ద్రవ్యము పన్నెండు శాతమునకు తగ్గరాదు. ఈ నిబంధన అన్ని మండలములకు, అన్ని మాసములకు, అన్ని ఆకులకు వర్తించును." నకళ్లు పదకొండు కార్యాలయాలకు పోయాయి. తీగకు మాత్రం పంపలేదు.

కార్తీకంలో తేలిన లెక్కను పట్టుకుని సంస్థ ఆకు కొనేది ఏ నెలలో అనుకున్నారు? మే నెలలో. వాళ్లకు కొత్త సంవత్సరం ఏప్రిల్లో పుడుతుంది. కమిటీ వెయ్యడానికి ఒక నెల పడుతుంది. కాబట్టి మే. కొండ కింద ఒక గేటు పెట్టి, నలభై ఇళ్లకూ కార్డులిచ్చి, కార్డు ఉన్నవాళ్లే కొండెక్కాలన్నారు. మే నెలలో ఆకు తేని వాళ్ల కార్డు రద్దు అన్నారు.

ఆకు కోసేవాళ్ల సంఘానికి పెద్ద పోలమ్మ. యాభై దాటిన మనిషి, అక్షరం ముక్క రాదు, కొండలో ఏ చరియన ఏ తీగ ఉందో మాత్రం కళ్లు మూసుకుని చెబుతుంది. ఆమె ఏప్రిల్లోనే ఆఫీసుకు పోయి, మే నెల ఆకు పశువుల కింద పరుపుకు తప్ప పనికిరాదని చెప్పింది. సంచాలకులు ఓపిగ్గా విన్నారు. విని, ఆకు అనగా ఆకేననీ, మాసమును బట్టి తన బాధ్యతను మార్చుకొనుటకు ఆకుకు అధికారము లేదనీ సెలవిచ్చారు.

కార్డు పోతుందన్న భయంతో మే నెలలో కోశారు. రాళ్లు కాలే ఎండలో, ముడుచుకుపోయిన ఆకు, కాడకు నాలుగు కూడా లేని ఆకు. లాబులో పెడితే అయిదు శాతం వచ్చింది.

సదాశివరావు గారు పన్నెండులోంచి అయిదు తీసివేశారు. ఏడు మిగిలింది. లెక్క తప్పలేదు, అది ఒప్పుకోవాలి. ఏడు శాతం ఉండాలి, లేదు. ఉండాల్సింది లేదంటే ఎవరో తీసినట్టు. ఆకు ముట్టుకున్నది ఎవరు? పోలమ్మ మనుషులు. సారాన్ని పిండి, పైవాడికెవడికో అమ్ముకుని, పిప్పిని సంస్థకు అంటగట్టారు. ఇదీ ఆయన తేల్చింది.

లాబులో షంషాద్ బేగం అని ఒక కెమిస్టు ఉంది. రిపోర్టు అడుగున ఆమె రెండు ముక్కలు రాసింది. ఋతువును బట్టి, వానను బట్టి, ఎండను బట్టి ఆకులో సారం పెరుగుతుంది, తరుగుతుంది, ఇందులో దొంగతనం ఏమీ లేదు అని. ఆ రిపోర్టు "అడగని సమాచారము" అన్న రాతతో తిరిగి ఆమె బల్ల మీదికే వచ్చింది.

జూన్ మొదటి వారంలో ఎస్సై దయాకర్ ఇద్దరు కానిస్టేబుళ్లతో కోనపాడు వచ్చాడు. ఏడు శాతం స్వాధీనం చేసుకోవాలని ఆయనకు ఆర్డరు. అది ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు. పొడా, పసరా, బిళ్లా అని సంస్థకు ఫోన్ చేసి అడిగితే, అది ఒక నిష్పత్తి అని అటునుంచి జవాబు వచ్చింది. ఆయన నిష్పత్తి కోసం నలభై గుడిసెలూ వెతికాడు. ఎండుచేపలు దొరికాయి, అరకిలో బెల్లం దొరికింది, ఒక రోలు దొరికింది. పోలమ్మ గుడిసెలో గుడ్డ కట్టిన కుండ ఒకటి దొరికింది. విప్పితే అందులో ఆకు ఉంది. ఇంట్లో వాడుకోవడానికి పోయిన కార్తీకంలో నీడన ఆరబెట్టి దాచుకున్న ఆకు.

చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయి, విసుగెత్తి, ఎస్సై ఆమెనే అడిగాడు.

"ఏడు శాతం యాడ పెట్టినావో చెప్పెయ్ పోలమ్మా. నీకూ మంచిది, నాకూ మంచిది."

"ఎండలో పెట్టినా సామీ. పట్టకపోండి."

ఎస్సై దాన్ని ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. తాను అపహరించిన ఏడు శాతమును ఎండలో దాచినట్లు ముద్దాయి స్వయముగా ఒప్పుకొనినది. కింద ఆమె వేలిముద్ర. ఎండాకాలంతో కుమ్మక్కు అన్న మాట ఇక్కడ పుట్టి, తర్వాత మీ కాగితంలోకి ఎక్కింది.

విచారణ సంస్థ పెద్ద హాల్లో పెట్టారు. బయట నలభై ఒక్క డిగ్రీలు, లోపల ఏసీకి శాలువాలు. బల్ల మీద పళ్లెంలో మైసూరుపాకు ఉంది, అది పట్నంలో పేరున్న అంగడిది. సంచాలకులు ముందుగా, వాతావరణము సంస్థ పరిధిలోనికి రాదనీ, పరిధిలోనికి రానిది కారణము కాజాలదనీ చెప్పి, ఇక నేరానికి కారణము ముద్దాయే అవుతుందని విశదపరిచారు. పోలమ్మ ఏమైనా చెప్పుకునేది ఉందా అన్నారు.

ఆమె కుండ బల్ల మీద పెట్టింది. ఇది కార్తీకం ఆకు, మీరు కోసుకుపోయిన నెలదే, నమిలి చూడండి అంది. సంస్థ దేనికీ వెనుకాడదని సదాశివరావు గారు రెండాకులు నోట్లో వేసుకుని, మొహం చిట్లించి, బాగా నమిలి మింగారు. నోరు చేదెక్కిందేమో, మైసూరుపాకు అందుకున్నారు.

హాలంతా చూస్తోంది. ఆయన నమలడం ఆపారు. ఇంకో ముక్క తీసుకున్నారు. అదీ ఆపారు. నెయ్యిలో తడిపిన ఇసుకలా ఉందన్నారు. ఏ అంగడిదని అడిగారు. ఇందులో తీపి ఎవరు తీశారని అడిగారు.

"తీపి ఆడనే ఉండాది సామీ," అంది పోలమ్మ. "మీ నాలికే దాని కాడికి పోవడం లేదు. ఆకు పని అదే. మే నెల ఆకు నమిలుంటే పళ్లెం ఖాళీ చేసుండేవోళ్లు."

ఇంతకు మించి రుజువు ఈ భూమ్మీద ఇంకొకటి లేదు. వెనక నిలబడ్డ షంషాద్ కుండలో ఆకు కొంచెం తీసుకుపోయి పరీక్ష చేసి వచ్చింది. పన్నెండు. అదే మనుషులు, అదే కొండ, అదే తీగ. నెల ఒక్కటే వేరు.

సంచాలకులు ఆ పన్నెండును చాలాసేపు చూసి తీర్పు చెప్పారు. జూన్ నెలలో కార్తీకమాసపు ఆకు లభ్యమగుట నిబంధనలకు విరుద్ధము. దానిని కలిగియుండుట అక్రమ నిల్వ. కనుక ముద్దాయిపై రెండవ అభియోగము నమోదు చేయవలెను. కుండను సీలు చేశారు. దాంతోపాటు ఒక బృందం పోయి మైసూరుపాకు అంగడిని కూడా సీలు చేసింది. ఆ అంగడి ఆయన గల్లా ముందు నిలబడి తన సరుకు తానే తిని, బాబూ తియ్యగానే ఉంది, కావాలంటే మీరూ తినండి అని మొత్తుకున్నాడు. ముద్దాయి సాక్ష్యం చెల్లదన్నారు. గంటకు సంచాలకుల గారి నాలుక మామూలు మనిషైంది, టీలో తీపి తగిలింది. అంగడికి సీలు వేసిన వెంటనే పట్టణమున తీపి పునరుద్ధరింపబడినది, చర్య సత్ఫలితమిచ్చినది అని ఆ రోజు డైరీలో రాసుకున్నారు.

నలభై కార్డులూ సస్పెండు. కొండ గేటుకు తాళం. పోలమ్మ ప్రతి సోమవారం స్టేషనుకు పోయి వేలిముద్ర వేసి రావాలి.

ఇంతటితో ఆగితే అది మామూలు ఆఫీసు. ఇది ప్రమాణాల సంస్థ. ఆకు ఎండను సాకుగా చూపిస్తోంది కాబట్టి, ఆ సాకు లేకుండా చెయ్యాలని ఆషాఢంలో ఋతు సమానత్వ పథకం వచ్చింది. కొండ కింద పదెకరాలకు కంచె వేసి, లోపలంతా పొడపత్రి పెట్టి, దానికి శాశ్వత కార్తీక మండలం అని బోర్డు తగిలించారు. ఈ హద్దులోపల సంవత్సరము పొడవునా కార్తీకమాసముగా పరిగణించవలెనని ఉత్తర్వు. పైన పచ్చ వలలు కప్పారు. పైపులతో నీళ్లు పెట్టారు. సముద్రం వైపు రొయ్యల ఐసు ఫ్యాక్టరీల నుంచి లారీల్లో ఐసు దిమ్మెలు తెచ్చి తీగల మధ్య పేర్చారు. తీగలకు నీచువాసన పట్టుకుంది, చలి మాత్రం పట్టుకోలేదు. కాపలావాళ్లకు స్వెట్టర్లు, మఫ్లర్లు ఇచ్చి, వేసుకోని వాళ్లకు మెమోలు ఇచ్చారు. ఒకాయన స్వెట్టరులోనే సొమ్మసిల్లి పడిపోతే, చలికి తట్టుకోలేక అని రాశారు. మండలంలో పెట్టిన ఉష్ణమాపకం నలభై చూపించింది. రెండు హెచ్చరికల తర్వాత కూడా వైఖరి మార్చుకోనందున దాన్ని తొలగించి, ఇరవై దగ్గర గీత గీసిన కొత్తదాన్ని తగిలించారు. అది ఈ రోజుకీ క్రమశిక్షణతో ఉంది.

చివరికి పురుగుమందు కొట్టాలన్నారు. ఒక్క పురుగు కూడా ఆకు మీద వాలరాదు, ఒక్క చిల్లు కూడా కనపడరాదు. షంషాద్ బేగం ఇక ఉండబట్టలేక సంచాలకుల గది తలుపు తోసుకుని లోపలికి పోయింది.

"సార్, ఆ తీగ సారం మన కోసం చెయ్యదు. పురుగు కొరక్కుండా, మేక నమలకుండా తన కోసం చేసుకుంటుంది. వానలకు పురుగు లేస్తుంది, అప్పుడే ఆకు ముదిరి చేదెక్కుతుంది. ఎండల్లో ప్రాణం నిలుపుకోవడమే దాని పని, ఉన్నదంతా వేరులో దాచుకుంటుంది. అన్నీ మనమే ఇచ్చి, పురుగును కూడా చంపి పెడితే, దానికి ఆ చాకిరీ ఎందుకు సార్?"

మొక్కలకు సోమరితనము ఆపాదించుట, పథకము పట్ల విశ్వాసలేమి అని రెండు కారణాలు రాసి ఆమెను గోనెసంచులు లెక్కపెట్టే గోడౌనుకు మార్చారు. ఇప్పుడు లాబులో కెమిస్టు లేదు. ఫలితాలు ముందే తెలుసు కనక అవసరం పడలేదు.

భాద్రపదంలో ప్రారంభోత్సవం. ఆకు అరచెయ్యంత అయ్యింది, నూనె పూసినట్టు మెరుస్తోంది, ఒక్క చిల్లు లేదు. చూసినవాళ్లు మెచ్చుకున్నారు. పై నుంచి పెద్దలు రావడానికి ఒక పూట ఆలస్యమైంది. ఈలోగా వల చిరిగిన చోటు నుంచి పక్క ఊరి మేకలు లోపలికి దూరాయి.

పొడపత్రిని మేక ముట్టదు. కొండలో ముళ్ల చెట్టును కొరుకుతుంది, గోడకంటించిన కాగితాన్ని నమిలేస్తుంది, పొడపత్రిని మాత్రం వాసన చూసి మొహం తిప్పుకుని పోతుంది. అట్లాంటి మేకలు ఆ రోజు పదెకరాలూ మొదళ్ల దాకా నమిలి, ఐసు నీళ్లు తాగి, నెమరేస్తూ నీడన పడుకున్నాయి. కంచె బయట నిలబడి చూసిన పోలమ్మ నవ్వలేదు. పాపం ఆ తీగకి పరువు పోయింది అంది.

ఏ లాబూ చెప్పలేనంత స్పష్టంగా మేకలు ఫలితం చెప్పాయి. మిగిలిన నాలుగు కాడలను, గోడౌను నుంచి ఒక పూట కోసం షంషాద్‌ను పిలిపించి పరీక్ష చేయిస్తే ఒకటిన్నర శాతం. సంస్థ నివేదికలో ఏం రాశారో నా కళ్లతో చదివాను. పథకము స్థానిక పశుసంపద విశేష ఆదరణ పొందినది. ఇక తగ్గిన పదిన్నర శాతాన్ని ఎవరి ఖాతాలో వెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. గేటుకు తాళం, మండలానికి కంచె, కాపలా. లోపలికి ఎవరూ పోలేదు. ఆ పొద్దు పోలమ్మ సారం తీసే వీల్లేదు కనక, ఇంతకుముందే తీసి ఉంటుందని రాసి, అది కూడా ఆమె మీదే వేశారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కార్తీకం వచ్చింది. ఎవరి ఉత్తర్వూ లేకుండానే వచ్చింది. నాలుగు మంచి వానలు పడ్డాయి. కొండ మీద తీగ పూత పట్టింది. గేటు ఇవతల నుంచి చూస్తే చరియలన్నీ ముదురుపచ్చగా కనపడుతున్నాయి. ఏడాదికి ఒకసారి వచ్చే పని, ఏడాది తిండి. నలభై ఇళ్ల వాళ్లు ఖాళీ గంపలతో తాళం ముందు కూర్చున్నారు.

పోయిన గురువారం సంస్థ నుంచి ఒక జీపు వచ్చింది. దిగిన గుమాస్తా నలభై కాగితాలు పంచాడు. సంస్థ దయతలచిందనీ, ఈ కాగితం మీద వేలిముద్ర వేసిన వాళ్లకు కార్డు తిరిగి ఇస్తుందనీ చెప్పాడు. నేనే చదివి వినిపించాను. గత మే మాసమున ఆకునందలి ఏడు శాతమును నేను అపహరించితిని, ఇకమీదట ఏ మాసమునందును అపహరింపనని ప్రమాణము చేయుచున్నాను. మళ్లీ మే నెలలో కొనుగోలు, మళ్లీ పన్నెండు. ఈసారి తగ్గితే పాత నేరం ఒప్పుకున్నవాళ్లు కాబట్టి విచారణ కూడా అక్కర్లేదు, నేరుగా జైలు.

పోలమ్మ చెల్లెలు మంకమ్మ కాగితం చేతిలో పట్టుకుని అక్క వైపు చూసింది. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు, మొగుడు పక్షవాతంతో మంచాన ఉన్నాడు.

"వేలే గదక్కా. వేస్తే ఏం పోతాది. రేపట్నుంచి కొండెక్కొచ్చు. ఇంట్లో గింజ లేదు."

ఆమె తప్పు చెప్పలేదు. ఆకలి లెక్కలో అది సరైన మాటే. పోలమ్మ చెల్లెలి వైపు తిరిగింది.

"ఇయ్యాల ఎండ తీసిందాన్ని మేమే దొంగిలిచ్చినాం అని వేలేస్తే, రేపు వాన రాకపోతే యాడ దాచినారని మనింటికే వస్తారే మంకమ్మా. నీ బిడ్డలక్కూడా అదే పేరు. నేను ఎయ్యను. నువ్వు ఏస్తే నిన్ను ఒక్క మాట అనను."

మంకమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుమాస్తా చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఒక్కరొక్కరే లేచి ఇచ్చేశారు. నలభై కాగితాలూ జీపులో వెనక్కి పోయాయి. గుమాస్తా ఎక్కుతూ ఎక్కుతూ, ఆకు ఇంకెన్నాళ్లు నిలుస్తుందని నన్ను పక్కకు పిలిచి మెల్లిగా అడిగాడు. ఆయనకైనా ఆ ప్రశ్న తట్టింది.

పుష్యం దాటితే నిలవదు. తీగ మీ ఫైలు కదిలేదాకా ఆగదు. అది తన పని తాను చేసి, ఆకు రాల్చి, పడుకుంటుంది. మళ్లీ ఏడాదికి.

కాబట్టి పెద్దలారా, వినండి. పోలమ్మ మీద కేసు రాసిన చేత్తోనే కొట్టెయ్యండి. షంషాద్ బేగాన్ని గోడౌను నుంచి లాబుకు పిలిపించి, ఏ నెలలో ఎంత సారం ఉంటుందో ఆమె చేత గోడ మీద రాయించండి, ఆ నెలలోనే కొనండి. ఆకు ఎప్పుడు కొయ్యాలో నిర్ణయించే కమిటీలో సంచాలకుల కుర్చీ తీసేసి అక్కడ కొండెక్కేవాళ్లను కూర్చోబెట్టండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం, మాట్లాడాల్సినవి చాలా ఉన్నాయి. తాళం సంగతి మాత్రం తర్వాత కాదు. వచ్చే సోమవారం పోలమ్మ స్టేషనుకు రాదు. నలభై ఇళ్ల వాళ్లతో పొద్దున ఏడింటికి గేటు దగ్గర ఉంటుంది. తాళంచెవి ఇచ్చి మనిషిని పంపండి.